ఏడాదికే పోతున్న యూపీఎస్ బ్యాటరీ: దాన్ని చంపుతున్నదేమిటి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. నిజాంపేటలో ఫ్లాట్. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్, దాని సామర్థ్యం కొలత) యూపీఎస్ కొని నాలుగేళ్లు దాటింది. దాంతో వచ్చిన బ్యాటరీ మూడేళ్లు పనిచేసింది. మార్చిన బ్యాటరీ మాత్రం ఏడాది తిరిగేసరికి చేతులెత్తేసింది. ఇప్పుడు కరెంటు పోగానే యూపీఎస్ ఒక్క కూత కూసి కంప్యూటర్‌తో పాటు ఆరిపోతోంది. షాపాయన "ఈ మోడలే అంత, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఇంకో బ్యాటరీ వేయాలా, కొత్త యూపీఎస్ కొనాలా, లేక ఇన్వర్టరే పెట్టించుకోవాలా అని అడిగారు.

ఇప్పుడప్పుడే ఏదీ కొనకండి. హైదరాబాద్ ఎండల్లో మూడేళ్లు వచ్చిన మొదటి బ్యాటరీ మీద మీకు ఫిర్యాదు ఉండాల్సిన పనిలేదు, అది బాగానే పనిచేసింది. రెండోది ఎందుకు పోయిందో ముందు తేలాలి. అది తేలకుండా మూడోది వేస్తే దానికీ అదే గతి. కారణం యూపీఎస్‌లో కాకుండా దాన్ని పెట్టిన చోటులోనో, మీ వాడకంలోనో ఉంటే కొత్త యూపీఎస్ కొన్నా ఏడాదికి మళ్లీ ఇదే ప్రశ్న వేస్తారు.

అసలు పోయింది బ్యాటరీయేనా అన్నది మొదట చూడాలి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కూడా ఆరిపోతే బ్యాటరీ మీద అనుమానం. యూపీఎస్ లైటు వెలుగుతూ, కూతలు పెడుతూనే ఉండి, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అయితే అది వేరే జబ్బు. మామూలు యూపీఎస్ కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి 4 నుంచి 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మంచిదైతే ఆ కాస్త ఖాళీని తనలో ఉన్న చార్జ్‌తో నెట్టుకొస్తుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌కు ఆ ఓపిక ఉండదు. ఇంకో రకం కూడా ఉంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ నుంచి లాగే కరెంటును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్నింటికి, చిన్న యూపీఎస్‌లు ఇచ్చే మెట్లమెట్ల వేవ్ (నున్నగా కాక మెట్లలా మారే కరెంటు) పడదు. అక్కడ బ్యాటరీ మారిస్తే డబ్బు దండగే, మెయిన్స్‌లాంటి నున్నటి కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ కావాలి. మీ దగ్గర రెండూ ఒకేసారి ఆరుతున్నాయి కాబట్టి మనం బ్యాటరీ దారిలోనే వెళ్దాం. మధ్యలో గ్రాఫిక్స్ కార్డు గానీ పెట్టించారా? 600 వీఏ అంటే చాలా మోడళ్లలో 360 వాట్లు మాత్రమే. గేమింగ్ కార్డు, పెద్ద మానిటర్ కలిస్తే ఓవర్‌లోడ్ అయి కూడా ఇలాగే ఆరిపోతుంది.

కంప్యూటర్ పెట్టి పదేపదే ప్లగ్ పీకి టెస్ట్ చేయకండి, హార్డ్ డిస్క్ మీదకు వస్తుంది. పాత ఫిలమెంట్ బల్బు, 60 లేదా 100 వాట్లది దొరికితే హోల్డర్‌కు పెట్టి యూపీఎస్ వెనక సాకెట్‌కు తగిలించండి. రాత్రంతా చార్జ్ అయ్యాక పొద్దున ప్లగ్ తీసి టైమ్ చూడండి. బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే 100 వాట్ల బల్బును పావుగంట దాకా మోయాలి. రెండు మూడు నిమిషాలకే చీకటైతే దాని పని అయిపోయినట్టే.

మల్టీమీటర్ ఉంటే ఇంకొంచెం లోతుగా చూడొచ్చు. చార్జ్ అయిన బ్యాటరీని విడదీసి కొన్ని గంటలు పక్కన పెట్టాక కొలిస్తే 12.8 వోల్టులు, ఆ పైన చూపించాలి. 12.4 అంటే సగం చార్జే నిలిచింది. 10.5 నుంచి 11 మధ్య ఆగిపోతే లోపలున్న ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయినట్టు. ఒక్కో సెల్ 2 వోల్టుల పైచిలుకు కాబట్టి ఒకటి పోతే లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. అయితే వోల్టేజ్ ఒక్కటే చూసి బ్యాటరీ బాగుందని అనుకోవద్దు. లోపల ఎండిపోయిన బ్యాటరీ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.7 చూపిస్తుంది, లోడ్ పడగానే కూలబడుతుంది. షాపుల్లో మీటర్ పెట్టి "చూడండి సార్, ఫుల్ ఉంది" అనేది ఇందుకే నమ్మదగ్గ మాట కాదు. బల్బు పరీక్షే అసలు పరీక్ష.

ఇక రెండో బ్యాటరీ ఏడాదికే ఎందుకు పోయింది? నా అనుభవంలో నాలుగు కారణాలు, ఎక్కువసార్లు వాటిలో రెండు కలిసి ఉంటాయి.

మొదటిది వేడి. ఈ సీల్డ్ బ్యాటరీల మీద కంపెనీలు చెప్పే మూడు నుంచి ఐదేళ్ల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క. దాని మీద ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బయట 40 దాటుతుంది. పడమటి గోడకు ఆనుకున్న టేబుల్ కింద, మూసిన చెక్క అరలో పెట్టిన యూపీఎస్ లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. దానికి తోడు సాయంత్రాలు వీధంతా ఏసీలు వేయగానే వోల్టేజ్ పడిపోతుంది. అప్పుడు యూపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పైకి లేపి ఇస్తూ తానూ వేడెక్కుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే బ్యాటరీ. ఇంట్లో ఏసీ ఉన్నా, మీరు ఆఫీసుకు వెళ్లాక గది మూసి ఉండే ఎనిమిది గంటలు దానికి ఏసీ లేనట్టే కదా.

రెండోది చార్జర్. దీన్ని ఎవరూ చూడరు. నన్నడిగితే మొదట చూడాల్సింది ఇదే. బ్యాటరీ నిండాక యూపీఎస్ దాన్ని సుమారు 13.5 నుంచి 13.8 వోల్టుల దగ్గర పట్టి ఉంచాలి. నాలుగేళ్లు వేడిలో ఉన్న యూపీఎస్‌లో కెపాసిటర్లు ఎండి, రెసిస్టర్ల విలువలు మారి, ఈ అంకె జరుగుతుంది. 14 దాటి రోజంతా నిలబడితే బ్యాటరీ లోపలి నీరు మెల్లగా ఆవిరైపోతుంది, పక్కలు ఉబ్బుతాయి, కొన్నిసార్లు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. 13.3 కంటే తక్కువైతే ఎప్పుడూ పూర్తిగా నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఎండాకాలంలో ఇంకో తిరకాసు ఉంది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే చార్జింగ్ వోల్టేజ్‌ను సుమారు 18 మిల్లీవోల్టులు తగ్గించాలి. చవక యూపీఎస్‌లు ఆ పని చేయవు. 38 డిగ్రీల దగ్గర 13.8 పెట్టడమంటే 25 డిగ్రీల దగ్గర 14 వోల్టులు పెట్టినట్టే. అందుకే మన ఊళ్లో 13.5 దగ్గరున్న యూపీఎస్ కనిపిస్తే నేను దాన్ని మంచిదంటాను.

ఈ కొలత తీసేటప్పుడు జాగ్రత్త. కొన్ని చిన్న యూపీఎస్‌లలో బ్యాటరీ వైపు కూడా మెయిన్స్ నుంచి పూర్తిగా విడిగా ఉండదు. ప్లగ్ పెట్టి ఉండగా కవర్ విప్పి చేతులు పెట్టారంటే షాక్ కొట్టొచ్చు. అడుగున బ్యాటరీ తలుపు జారించే మోడల్ అయితే, ఇన్సులేషన్ బాగున్న ప్రోబ్‌లతో టెర్మినళ్ల మీద మాత్రమే కొలవండి. స్క్రూలు విప్పి తెరవాల్సిన మోడల్ అయితే మెకానిక్‌తో చేయించండి. వెళ్లేటప్పుడు "బ్యాటరీ చూడండి" అనకుండా "ఫుల్ చార్జ్‌లో చార్జింగ్ వోల్టేజ్ ఎంతుందో చెప్పండి" అని అడగండి. ఆ ఒక్క మాటతో అవతలివాడు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

మూడోది షాపులో నిలవున్న సరుకు. సీల్డ్ బ్యాటరీ పెట్టెలో ఊరికే ఉన్నా నెలకు 3 శాతం దాకా చార్జ్ పోతుంది, వేడి గోడౌన్‌లో అయితే ఇంకా ఎక్కువ. ఆరు నెలలకోసారి తీసి చార్జ్ చేయాలి. గిరాకీ లేని సైజును ఏ షాపాయన అలా చేస్తాడు? ఏడాది పాటు అరలో ఉండి సగం చచ్చిన బ్యాటరీ మీకు "కొత్తది" అయిపోతుంది.

ఇందులోనే ఇంకో రకం మోసం, మోసమనడం కన్నా తెలియనితనం అనాలేమో. పొలాల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో 12 వోల్టుల 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) బ్యాటరీ ఉంటుంది, సైజు ఇంచుమించు 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీదే. చాలా కౌంటర్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. "7 కన్నా 8 ఎక్కువ కదా సార్" అని అదే అంటగడతారు. స్ప్రేయర్ మోటారు లాగేది రెండు మూడు ఆంపియర్లు. మీ కంప్యూటర్, మానిటర్ కలిపి 120 వాట్లు అనుకుంటే, యూపీఎస్ లోపలి నష్టం కలుపుకొని బ్యాటరీ నుంచి 12 ఆంపియర్ల పైనే లాగుతుంది. 300 వాట్ల లోడ్ పడితే 30 ఆంపియర్ల దాకా పోతుంది. ఆ దెబ్బ తట్టుకునేలా చేసిన ప్లేట్లు వేరు. పైగా 7 ఏహెచ్ అనేది 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే అంకె. గంటలోపు ఖాళీ చేస్తే అందులో సుమారు 60 శాతమే చేతికొస్తుంది. అందుకే అంకె చూసి మురిసిపోకుండా "యూపీఎస్‌కు వాడే ఎస్‌ఎంఎఫ్ కావాలి" (అంటే నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ బ్యాటరీ) అని గట్టిగా అడగాలి.

నాలుగోది మన అలవాటు. పడుకునే ముందు గోడ మీద స్విచ్ ఆపేయడం మన ఇళ్లలో పెద్దవాళ్లు నేర్పిన క్రమశిక్షణ. టీవీకి మంచిదే. యూపీఎస్‌కు మాత్రం ప్రాణాంతకం. ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. సాయంత్రం మూడు గంటలు కంప్యూటర్ వాడి, అందులో ఒకసారి కరెంటు పోయి, రాత్రి స్విచ్ ఆపేస్తే అది ఎప్పటికీ నిండదు. ఇంకొందరు యూపీఎస్ బటన్ ఆపకుండా గోడ స్విచ్ ఆపుతారు, అది అడుగంటే దాకా కూస్తూనే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళుతూ అలా వదిలేసి, వారం తర్వాత వచ్చి ఆన్ చేసి "నిన్నటిదాకా బాగానే ఉంది" అంటారు. రాత్రి పూట యూపీఎస్ ముందు బటన్ ఆపండి, గోడ స్విచ్ ఉంచేయండి. చాలా మోడళ్లు బటన్ ఆపి ఉన్నా చార్జ్ చేస్తూనే ఉంటాయి. మీది అలా చేస్తుందో లేదో మాన్యువల్‌లో ఉంటుంది.

ఇప్పుడు కొనుగోలు. కొలిచిన చార్జింగ్ వోల్టేజ్ 13.5 నుంచి 13.8 లోపు ఉంటే మీ యూపీఎస్‌ను వదలకండి, బ్యాటరీ మార్చండి. ఖర్చు కొత్త యూపీఎస్‌లో మూడో వంతు దగ్గరే ఉంటుంది. 14 దాటితే, లేదా మామూలు కరెంటులో కూడా రిలే (లోపల కరెంటు దారి మార్చే స్విచ్) రోజంతా టిక్కుటిక్కుమంటూ ఉంటే, 600 వీఏ పెట్టెకు రిపేరు ఖర్చు దండగ. పెద్ద ఆన్‌లైన్ యూపీఎస్ (ఎప్పుడూ తన ఇన్వర్టర్ గుండానే కరెంటు ఇచ్చేది) అయితే బోర్డు బాగుచేయించడంలో అర్థముంది, దీనికి లేదు.

బ్యాటరీకి రాణిగంజ్ వైపు వెళ్తే రకాలు ఎక్కువ దొరుకుతాయి, ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్‌లో, యూపీఎస్ తీసుకెళ్తే పాత బ్యాటరీని అక్కడే విప్పి కొత్తది బిగించే వాళ్లూ ఉంటారు. ఎక్సైడ్, మన తిరుపతి అమరరాజా వాళ్ల అమరాన్ క్వాంటా లాంటి పేరున్నవే అడగండి. పెట్టె మీద కాకుండా బ్యాటరీ ఒంటి మీద ఉన్న తయారీ నెల చూడండి, కోడ్ రూపంలో ఉంటే చదివి చెప్పమనండి. ఆరు నెలలు దాటిందంటే పక్కన పెట్టండి. మీటర్ పెట్టించండి, 12.6 కన్నా తక్కువుంటే వద్దు. చేత్తో ఎత్తి చూడండి, 7 ఏహెచ్ బ్యాటరీ 2 కిలోల పైనే ఉండాలి. లోపల సీసం తగ్గించినవి ఎత్తగానే తెలిసిపోతాయి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోకపోతే వారంటీ ఉన్నా లేనట్టే. "రీకండిషన్ చేసింది, సగం ధరకే" అనే మాట వినిపిస్తే థాంక్స్ చెప్పి పక్క షాపుకు నడవండి.

టెర్మినళ్లు కూడా చూసుకోవాలి. ఇవి రెండు వెడల్పుల్లో వస్తాయి, 4.8 మిల్లీమీటర్లు, 6.35 మిల్లీమీటర్లు. సన్న టెర్మినల్‌కు వెడల్పు క్లిప్ వదులుగా కూర్చుంటే అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. పాత బ్యాటరీని వెంట తీసుకెళ్తే ఈ గొడవ ఉండదు. అదే సైజులో 9 ఏహెచ్ వేయడం మంచిదే, కాస్త ఎక్కువ సేపు వస్తుంది. కారు బ్యాటరీ తెచ్చి వైర్లు బయటికి లాగి తగిలిద్దామనే సలహా మీకూ ఎవరో ఇచ్చే ఉంటారు. చేయకండి. చిన్న చార్జర్ దాన్ని రోజుల తరబడి నింపలేదు. అంతకన్నా ముఖ్యంగా, పది పదిహేను నిమిషాలు పనిచేసేలా చేసిన ఇన్వర్టర్ భాగాన్ని గంటసేపు నడిపిస్తే దాని హీట్‌సింక్ తట్టుకోదు. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు అదే సైజులో వస్తున్నాయి, వేడిని ఇవి బాగా ఓర్చుకుంటాయి. కానీ లోపలి రక్షణ సర్క్యూట్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి. 10 ఆంపియర్లకే కట్ అయ్యేది పెడితే ఇప్పుడు మీకున్న సమస్యే మళ్లీ కొన్నట్టు.

మీరే మార్చుకుంటే ముందు కంప్యూటర్ ఆపి, యూపీఎస్ బటన్ ఆపి, ప్లగ్ పూర్తిగా తీయండి. ఉంగరం, చైన్ వాచ్ తీసేయండి. ఏ వైరు ఎటో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఎరుపు ప్లస్‌కు, నలుపు మైనస్‌కు. తిరగేసి తగిలిస్తే ఒక్క క్షణంలో ఫ్యూజో, మాస్ఫెట్లో (కరెంటును స్విచ్ చేసే భాగాలు) పోతాయి. చివరి క్లిప్ పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తే భయపడకండి, అది మామూలే. ఉబ్బి ఇరుక్కుపోయిన బ్యాటరీని మాత్రం స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. యూపీఎస్ కవర్ మొత్తం విప్పి వదులు చేయించాలి. మీది ఒకే బ్యాటరీ మోడల్. మీ స్నేహితుల్లో ఎవరికైనా 1000 వీఏ పైది, రెండు బ్యాటరీలది ఉంటే, రెండూ ఒకేసారి, ఒకే కంపెనీ, ఒకే నెల తయారీవి మార్చమనండి. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) పాతదీ కొత్తదీ కలిస్తే పాతది కొత్తదాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. వేశాక తేదీని స్కెచ్ పెన్‌తో యూపీఎస్ మీద రాయండి. రెండున్నర, మూడేళ్లకు, అది పాడైనా కాకపోయినా, ఫిబ్రవరిలో మార్చేయండి. ఎండలు మొదలయ్యాక, ఈదురుగాలికి కొమ్మ విరిగి లైన్ ట్రిప్ అయిన రోజు తెలుసుకోవడం కన్నా అది నయం.

ఇన్వర్టర్ మాటకొస్తే, మీది జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే అక్కర్లేదు. జనరేటర్ అందుకునే అర నిమిషం దాకా కంప్యూటర్‌ను నిలబెట్టడమే యూపీఎస్ పని, దానికి 7 ఏహెచ్ ఎక్కువే. జనరేటర్ మీద యూపీఎస్ అటూ ఇటూ కొట్టుకుంటుంటే సెన్సిటివిటీ తగ్గించే సెట్టింగ్ ఉందేమో చూడండి. జనరేటర్ లేని ఇండిపెండెంట్ ఇల్లయి, గంటల తరబడి ఇంటి నుంచి పనిచేయాల్సి ఉంటే సైన్ వేవ్ ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ తీసుకోండి, వెనక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. డిస్టిల్డ్ వాటర్ పోయడం మర్చిపోయేవారైతే అదీ రెండేళ్లకే పోతుంది, ముందే చెబుతున్నా. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ వెనక ఈ చిన్న యూపీఎస్‌ను తగిలిస్తే అది ఆ కరెంటును కరెంటుగానే గుర్తించకపోవచ్చు. ఇంటర్నెట్ కోసమే మీ టెన్షన్ అయితే, రౌటర్‌కు 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ విడిగా కొనండి. గంటల సేపు వస్తుంది, పెద్ద యూపీఎస్ మీద భారమూ తగ్గుతుంది. ముందు మీ రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి.

లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్ సాకెట్‌లో పెట్టారా? పెడితే ఇవాళే తీసేయండి. కాగితాన్ని వేడి చేసే హీటర్ ఒక్కసారిగా లాగే కరెంటు 360 వాట్ల యూపీఎస్ మోసేది కాదు.

ఎర్తింగ్ ఒక్కటి మిగిలింది. మన ఊరు రాతినేల, ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి ఎండిపోతే ఎర్తింగ్ ఉన్నా లేనట్టే. కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా చూడండి. సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజ్ కొలవండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి, వేసవిలో గొయ్యిలో నీళ్లు పోయమని వాచ్‌మన్‌కు చెప్పండి. యూపీఎస్‌లోని సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్) రక్షణకు ఈ ఎర్తే ఆధారం.

పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, వీధిలో వచ్చే పాత సామాన్ల బండికీ ఇవ్వకండి. కొందరు దాన్ని ఆరుబయట పగలగొట్టి యాసిడ్ కాలువలో పోసి సీసం తీసుకుంటారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీ కంపెనీలది. కొత్తది కొన్న కౌంటర్‌లోనే పాతది ఇస్తే సీసానికి విలువ కట్టి బిల్లులో తగ్గిస్తారు. తగ్గించకపోతే అడగండి. తీసుకెళ్లేటప్పుడు రెండు టెర్మినళ్ల మీద ఇన్సులేషన్ టేప్ చుట్టి, బండి మీద నిటారుగా పెట్టుకోండి.